‘మేడ్ ఇన్ జపాన్’: మూడు రాత్రులను ఒక రాత్రిగా కుట్టిన తీరు

లైవ్ ఆల్బమ్ చేతికి రాగానే ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే. ఇదంతా వేదిక మీద వాయించిందేనా, తర్వాత స్టూడియోలో కూర్చుని దిద్దారా? బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ 1972 ఆగస్టులో రికార్డు చేసిన ‘మేడ్ ఇన్ జపాన్’ విషయంలో బ్యాండు వాళ్లు మొదటి నుంచీ ఒకే మాట చెబుతున్నారు: తర్వాత ఏమీ కలపలేదు. ఆ మాట నమ్మదగినదే. ఎందుకో కింద చూద్దాం. కానీ దాంతో విషయం తేలిపోదు. ఆ రెండు ఎల్పీల మీదున్న ఏడు పాటలను ఆ వరసలో, ఆ రూపంలో ఒకే సాయంత్రం విన్న ప్రేక్షకుడు ఒక్కడూ లేడు. వాయించిన ప్రతి స్వరం నిజమే, ఆ కచేరీ మాత్రం ఎప్పుడూ జరగలేదు.

ముందు మనుషులెవరో చెప్పుకుందాం. పాట ఇయాన్ గిల్లన్, గిటారు రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్ జాన్ లార్డ్, బేస్ గిటారు రోజర్ గ్లోవర్, డ్రమ్స్ ఇయాన్ పైస్. ఆ ఏడాది మార్చిలోనే వీళ్ల స్టూడియో ఆల్బమ్ ‘మెషీన్ హెడ్’ వచ్చింది. జపాన్ పర్యటన ఖాయమయ్యాక అక్కడి రికార్డు కంపెనీ, తమ దేశంలో అమ్ముకోవడానికి ఒక కచేరీ రికార్డు కావాలంది. లైవ్ రికార్డంటే బ్యాండుకు పెద్ద నమ్మకం లేదు. అందుకే రెండు షరతులు పెట్టారు: ఇంజనీరు మావాడే ఉండాలి, మేం విని ఒప్పుకుంటేనే విడుదల చెయ్యాలి. అలా ‘మెషీన్ హెడ్’కు పనిచేసిన మార్టిన్ బర్చ్ టేపు మిషను ముందు కూర్చున్నాడు. మొత్తం ఖర్చు సుమారు 3,000 డాలర్లని చెబుతారు. ఆ రోజుల లెక్కలో కూడా అది చిల్లర కిందే లెక్క. విన్నాక వాళ్లకే నచ్చింది. బ్రిటన్‌లో 1972 డిసెంబరులో, అమెరికాలో మరుసటి ఏడాది విడుదలైంది. జపాన్‌లో మాత్రం ‘లైవ్ ఇన్ జపాన్’ అన్న పేరుతో వచ్చింది.

ఏ పాట ఏ రాత్రిది

రికార్డు చేసిన ప్రదర్శనలు మూడు. ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకా ఫెస్టివల్ హాలు, 17న టోక్యోలోని బుడోకాన్. ఎల్పీ మీది పాటలు ఇలా పడ్డాయి. ‘హైవే స్టార్’, ‘చైల్డ్ ఇన్ టైమ్’, ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్’, ‘స్పేస్ ట్రకిన్’ నాలుగూ 16వ తేదీ ఒసాకావి. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఒక్కటే 15వ తేదీది. ‘ద మ్యూల్’, ‘లేజీ’ రెండూ టోక్యోవి.

ఇందులో ఒక తమాషా ఉంది. మూడింటిలోకీ టోక్యో రాత్రే బాగా వాయించామని బ్యాండు అభిప్రాయం. అయినా అక్కడి నుంచి రెండే పాటలు తీసుకున్నారు, కారణం టేపు. బుడోకాన్ జూడో పోటీల కోసం కట్టిన పెద్ద మందిరం. అక్కడి రికార్డింగు ఒసాకా హాలులో వచ్చినంత స్పష్టంగా రాలేదు. లైవ్ ఆల్బమ్ తయారీలో ఎప్పుడూ జరిగే పేచీ ఇదే. బాగా వాయించిన రాత్రి ఒకటైతే, బాగా రికార్డయిన రాత్రి ఇంకొకటి అవుతుంది. రెండూ కలిసి వచ్చిన పాటలనే ఏరుకోవాలి.

పాటల వరస కూడా మారింది. కచేరీలో ‘హైవే స్టార్’ తర్వాత వాయించింది ‘స్మోక్ ఆన్ ద వాటర్’, ఆ తర్వాత ‘చైల్డ్ ఇన్ టైమ్’. ఎల్పీలో ఈ రెండూ తారుమారయ్యాయి. ఎందుకో నిమిషాలు కూడితే తెలిసిపోతుంది. ‘హైవే స్టార్’ సుమారు 6 నిమిషాల 40 సెకన్లు, ‘స్మోక్’ ఏడున్నర నిమిషాలు, ‘చైల్డ్ ఇన్ టైమ్’ 12 నిమిషాల పైచిలుకు, ‘ద మ్యూల్’ తొమ్మిదిన్నర. కచేరీ వరసే ఉంచితే మొదటి వైపు 14 నిమిషాలకే అయిపోతుంది, రెండో వైపు 22 నిమిషాల దాకా సాగుతుంది. తారుమారు చేస్తే 19, 17 అవుతాయి. ఎల్పీ వైపు ఎంత పొడవైతే గాడులు అంత దగ్గర దగ్గరగా కొయ్యాలి, అంత సన్నగా చెయ్యాలి. అప్పుడు శబ్దం స్థాయి తగ్గించక తప్పదు, బేస్ పలచబడుతుంది, సూది చప్పుడు పైకి తేలుతుంది. రాక్ సంగీతానికి 20 నిమిషాల చుట్టుపక్కల ఉంటే క్షేమం. ఈ ఆల్బమ్‌లో నాలుగు వైపులూ సుమారు 17 నుంచి 20 నిమిషాల మధ్యే ఉన్నాయి. దాన్ని యాదృచ్ఛికం అనలేం.

చివర్లో వాయించిన ‘బ్లాక్ నైట్’, ‘స్పీడ్ కింగ్’, ‘లూసిల్’ అసలు ఆల్బమ్‌లో లేకపోవడానికీ ఇదే లెక్క. పెట్టాలంటే ఏదో ఒక పాట కొయ్యాలి, లేదా మూడో ఎల్పీ వెయ్యాలి.

ఎనిమిది ట్రాకుల్లో ఐదుగురు

రికార్డింగు ఎనిమిది ట్రాకుల టేపు మీద జరిగింది. అంటే అంగుళం వెడల్పున్న టేపు మీద పక్కపక్కనే ఎనిమిది దారులు, దేనికదే విడిగా. ఆ కాలంలో ఐదుగురి రాక్ బృందానికి ట్రాకులు పంచే పద్ధతి ఇంచుమించు ఇలా ఉండేది: డ్రమ్స్‌కు రెండు, బేస్‌కు ఒకటి, గిటారుకు ఒకటి, ఆర్గన్‌కు ఒకటి, గొంతుకు ఒకటి, మిగిలిన రెండూ ప్రేక్షకుల వైపు తిప్పిన మైకులకు. డ్రమ్స్‌కు నాలుగైదు మైకులు పెట్టినా అవన్నీ అక్కడికక్కడే కలిసి రెండు ట్రాకులైపోతాయి. స్నేర్ (డ్రమ్స్‌లో కరకరమనే చిన్న డ్రమ్ము) తక్కువైందని తర్వాత దాన్నొక్కదాన్నే పెంచడం కుదరదు. ఇవాళ కచేరీ రికార్డింగులో డ్రమ్స్‌కే పది, పన్నెండు ట్రాకులు విడిగా ఇస్తారు. 1972లో మిక్సింగులో, అంటే విడి ట్రాకులను కలిపి స్థాయిలు సర్దే పనిలో, సగం పని కచేరీ జరుగుతుండగానే, వెనక్కి తీసుకోలేని విధంగా అయిపోయేది.

ఇక లీకేజీ. గాయకుడి మైకులో డ్రమ్స్ పడతాయి, డ్రమ్స్ మైకుల్లో గిటారు పడుతుంది, అందరి మైకుల్లోనూ పెద్ద స్పీకర్ల నుంచి తిరిగొచ్చిన గిల్లన్ గొంతు పడుతుంది. స్టూడియోలో తర్వాత దిద్దడం అంత సులువు కాదనేది ఇందుకే. గిల్లన్ పాటలో ఒక వాక్యం తీసేసి కొత్తగా పాడించారనుకుందాం. అతని ట్రాకులో పాతది చెరిగిపోతుంది, కానీ డ్రమ్స్ ట్రాకుల్లో, ప్రేక్షకుల ట్రాకుల్లో ఆ పాత వాక్యం దెయ్యంలా వినిపిస్తూనే ఉంటుంది. పైగా గొంతు మైకు మూసినప్పుడల్లా దానిలోకి లీకైన డ్రమ్స్ కూడా పోతాయి, హాలు ఒక్కసారిగా చిన్నదైనట్టు చెవికి తగులుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ‘మేడ్ ఇన్ జపాన్’ వింటే ఎక్కడా హాలు ఇలా కుంచించుకుపోదు. తర్వాత ఏమీ కలపలేదన్న బ్యాండు మాటకు బలమైన సాక్ష్యం అదే.

ఒక ట్రాకు అసలు పడకపోతే? బ్రిటిష్ రాక్ బృందం ‘ద హూ’కు 1970లో జరిగింది. ఫిబ్రవరి 14న ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, మరునాడు హల్‌లో రెండు కచేరీలూ రికార్డు చేశారు. హల్ టేపులో మొదటి కొన్ని పాటలకు బేస్ గిటారు పడలేదు. అలా లీడ్స్ రాత్రి ఎల్పీ అయింది, ‘లైవ్ ఎట్ లీడ్స్’ అని. ఆ టేపులో చిటపటలు ఉంటే, అవి ఉండాల్సినవే, దిద్దకండి అని లేబులు మీదే రాసి వదిలేశారు. నలభయ్యేళ్ల తర్వాత 2010లో లీడ్స్ టేపులోని బేస్‌ను తెచ్చి హల్ పాటలకు అతికించి ఆ రెండో కచేరీనీ బయటికి తెచ్చారు. రెండు రోజుల లయ దాదాపు కలిసింది కాబట్టి, కంప్యూటరు ఉంది కాబట్టి అది కుదిరింది.

స్పూలు ఎంతసేపు తిరుగుతుంది

పదిన్నర అంగుళాల స్పూలు (టేపు చుట్టే చక్రం) మీద సాధారణంగా పట్టేది 2,500 అడుగుల టేపు. సెకనుకు 15 అంగుళాల వేగంతో తిరిగితే 33 నిమిషాలు వస్తుంది. 30 అంగుళాల వేగానికి సగం, అంటే 16 నిమిషాల 40 సెకన్లు. వేగం ఎక్కువైతే టేపు బుస తగ్గుతుంది, పై స్వరాలు స్పష్టంగా వస్తాయి. కానీ ‘స్పేస్ ట్రకిన్’ దాదాపు 20 నిమిషాలు. 30 అంగుళాల వేగంతో దానికి 3,000 అడుగులు కావాలి, ఒక స్పూలు చాలదు. మిషను ఒక్కటే ఉంటే పాట మధ్యలో టేపు అయిపోయిందే! అందుకని లైవ్ రికార్డింగుకు వెళ్లే ఇంజనీరు చేతిలో పాటల జాబితా, పక్కన గడియారం తప్పనిసరి. పాట ముగిసి చప్పట్లు మొదలవగానే, స్పూలులో ఇంకా టేపు మిగిలి ఉన్నా సరే, మార్చేయాలి. మిషన్లు రెండుంటే ఒకటి ఆగేలోపే రెండోది మొదలుపెట్టి కొంత భాగం రెండింటి మీదా పడేలా చూస్తారు.

స్టూడియోలో నాలుగున్నర నిమిషాలున్న పాట వేదిక మీద ఇరవై ఎలా అయింది? బృందం 1968లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో ‘మాండ్రేక్ రూట్’ అనే పాట ఉంది. కచేరీల్లో దాని మధ్య భాగాన్ని సాగదీసి వాయించేవాళ్లు. ఆ పాటను పక్కన పెట్టాక కూడా ఆ సాగదీత భాగాన్ని వదులుకోలేదు, తెచ్చి ‘స్పేస్ ట్రకిన్’ తోకకు తగిలించారు. మన కచేరీల భాషలో చెప్పాలంటే పల్లవి మారింది, మనోధర్మం అదే. అలాగే ‘ద మ్యూల్’ పాట పేరుకే, నిజానికి అది పైస్ తని ఆవర్తనం. ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్’ చివర బ్లాక్‌మోర్ గిటారు మీద ఒక పలుకు పలికితే గిల్లన్ గొంతుతో అదే తిరిగి పలకడం, పోను పోను పలుకులు పొట్టివై చివరికి గొంతు కీచుగా పైకి ఎగబాకడం మనకు కొత్తగా అనిపించదు. ఇక ‘చైల్డ్ ఇన్ టైమ్’ మొదట్లో లార్డ్ వాయించే ఆర్గన్ వరస అమెరికన్ బృందం ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే 1969లో తెచ్చిన వాద్య రచన నుంచి పుట్టింది. దాని పేరు ‘బాంబే కాలింగ్’. బొంబాయి పేరుతో మొదలై, లండన్ బృందం చేతిలో పడి, ఒసాకాలో రికార్డయిందన్నమాట.

ఒసాకా కరెంటు వేరు, టోక్యో కరెంటు వేరు

ఈ ఆల్బమ్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా పట్టించుకోని చిక్కు ఒకటుంది. లార్డ్ వాయించే హామండ్ ఆర్గన్‌లో స్వరం పుట్టేది తిరిగే ఉక్కు చక్రాల నుంచి. ఆ చక్రాలను తిప్పే మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీకి, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కకు (దీని కొలత హెర్ట్జ్), కట్టుబడి తిరుగుతుంది. వోల్టేజి కాస్త పడినా శ్రుతి చెదరదు, కానీ ఫ్రీక్వెన్సీ మారితే వాయిద్యం మొత్తం శ్రుతి మారిపోతుంది. శ్రుతి సరిచేసుకునే మీట ఏదీ దానికి లేదు.

జపాన్‌లో తూర్పు భాగానికి, అంటే టోక్యోకు, 50 హెర్ట్జ్ కరెంటు. పడమటి భాగానికి, అంటే ఒసాకాకు, 60 హెర్ట్జ్. పందొమ్మిదో శతాబ్దంలో ఒకచోట జర్మన్ జనరేటర్లు, ఇంకోచోట అమెరికన్ జనరేటర్లు కొన్న ఫలితం ఇప్పటికీ అలాగే ఉంది. 50 హెర్ట్జ్ కోసం చేసిన హామండ్‌ను 60కి తగిలిస్తే శ్రుతి ఐదో వంతు పెరుగుతుంది. లెక్కకు మూడు స్వరస్థానాలకు పైనే. ఒకటి శ్రుతిలో ఉండాల్సిన పెట్టె రెండున్నర దాటి పలుకుతుంది. గిటారు తీగలను అంత పైకి బిగించలేరు, గిల్లన్ అప్పటికే గొంతు అంచున పాడే ‘చైల్డ్ ఇన్ టైమ్’ను ఇంకా పైకి జరపలేరు. కాబట్టి మోటారుకు కావలసిన ఫ్రీక్వెన్సీని విడిగా తయారు చేసి ఇచ్చే కన్వర్టరు లాంటి ఏర్పాటు లేకుండా ఒకే ఆర్గన్ ఈ రెండు ఊళ్లలోనూ ఒకే శ్రుతిలో పలకదు. ఆల్బమ్‌లో ఒసాకా పాటకూ టోక్యో పాటకూ మధ్య ఆర్గన్ శ్రుతిలో తేడా తెలియదు.

అదే మోటారు గొడవ ఆనాటి చాలా టేపు మిషన్లకూ ఉంది. 60 హెర్ట్జ్ ఊళ్లో రికార్డు చేసిన టేపును ఇంకోచోట మిక్స్ చేసేటప్పుడు, వేగం కరెంటును బట్టి కాకుండా స్థిరంగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. అందుకే టేపు మొదట్లో తెలిసిన ఫ్రీక్వెన్సీ గల ఒక ధ్వనిని కొంతసేపు రికార్డు చేసి పెట్టుకుంటారు. దానితో సరిపోల్చుకుని వేగం, స్థాయి రెండూ సర్దుకుంటారు.

మిక్సింగులో ఏం చేశారు, ఏం చెయ్యలేదు

మిక్సింగుకు కూర్చున్న బృంద సభ్యులు ఇద్దరే, గ్లోవర్, పైస్. బేస్, డ్రమ్స్ వాళ్లు కూర్చున్నారు కాబట్టి కింది భాగం ఇంత గట్టిగా ఉందని సరదాగా అనుకోవచ్చు. నిజానికి వాళ్లు చేసిన తెలివైన పని గిటారునూ ఆర్గన్‌నూ చెరో పక్కకు జరపడం. లార్డ్ తన ఆర్గన్‌ను గిటారు వాద్యకారులు వాడే మార్షల్ యాంప్లిఫయర్ల గుండా పంపేవాడు. దాంతో అది గిటారులాగే కరకరలాడుతుంది. రెండూ మధ్యలోనే ఉంటే ఏది ఏదో తెలియని ముద్దగా తయారవుతుంది. చెరో పక్కకు జరిపితే ఒక్కో చెవికి ఒక్కో వాయిద్యం దొరుకుతుంది. స్టూడియో ‘హైవే స్టార్’లో బ్లాక్‌మోర్ సోలో రెండు గిటార్లుగా వినిపిస్తుంది, ఒకదాని మీద ఒకటి రికార్డు చేసింది కాబట్టి. ఒసాకాలో గిటారు ఒక్కటే. మిగిలిన చోటంతా ఆర్గన్, బేస్ నింపుతాయి. ఆ ఖాళీని కప్పిపుచ్చకపోవడం నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే నచ్చే సంగతి.

ప్రేక్షకుల మైకులను మాత్రం ఎప్పుడూ జాగ్రత్తగా వాడాలి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వేదికకు 20 మీటర్ల దూరంలో ఉన్న మైకుకు డ్రమ్ దెబ్బ దాదాపు 58 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. పాట నడుస్తుండగా ఆ మైకును పెంచితే ప్రతి దెబ్బ వెనకా ఇంకో దెబ్బ వినిపించి లయ మసకబారుతుంది. కాబట్టి పాటలో దాన్ని అణిచి ఉంచి, ముగింపు దగ్గర మెల్లగా లేపుతారు. రెండు వేర్వేరు రాత్రుల పాటలను కలిపే అతుకు కూడా ఆ చప్పట్లలోనే దాక్కుంటుంది. ఒక హాలు చప్పట్లు తగ్గుతుండగా ఇంకో హాలు చప్పట్లు పైకొస్తాయి, వినేవాడికి ఊరు మారినట్టే తెలియదు.

పాటల మధ్య మాటలను తీసెయ్యకపోవడం మంచి నిర్ణయం. తమకు వినిపించే మానిటర్ స్పీకర్ల శబ్దం చాలడం లేదని చెబుతూ, అన్నిటినీ అన్నిటికంటే గట్టిగా పెట్టమని గిల్లన్ నవ్వుతూ అడగడం ఇక్కడే ఉంది. 1999లో రాక్ బృందం మోటర్‌హెడ్ తమ లైవ్ ఆల్బమ్‌కు ఆ మాటనే కాస్త మార్చి పేరుగా పెట్టుకుంది. అది హాస్యమే అయినా వెనక నిజం ఉంది. 1972 నాటి మానిటర్లు ఆ యాంప్లిఫయర్ల ముందు చాలా బలహీనం, గాయకుడికి తన గొంతు తనకే సరిగా వినపడేది కాదు.

దిద్దినవాళ్ల సంగతి

అందరూ ఇలా చెయ్యలేదు. 1975లో వచ్చిన అమెరికన్ రాక్ బృందం కిస్ ఆల్బమ్ ‘అలైవ్!’లో చాలా భాగం నిర్మాత ఎడ్డీ క్రేమర్ ఆధ్వర్యంలో స్టూడియోలో మళ్లీ చేసిందే. ఐరిష్ రాక్ బృందం థిన్ లిజీ 1978లో తెచ్చిన ‘లైవ్ అండ్ డేంజరస్’లో 75 శాతం తర్వాత చేసిందని నిర్మాత టోనీ విస్కాంటీ అంటే, బృందం వైపు వాళ్లు అంత లేదన్నారు. రెండూ గొప్పగా అమ్ముడుపోయాయి, వినడానికీ బాగుంటాయి. మోసం అనేంత పెద్ద మాట అక్కర్లేదు. వేదికంతా గెంతుతూ వాయించే కిస్‌కు తప్పులు దొర్లడం సహజం. డీప్ పర్పుల్ దాదాపు నిలబడ్డ చోటే నిలబడి వాయించే ఐదుగురు, రాత్రి రాత్రికీ పాటను మార్చి వాయించేవాళ్లు. అక్కడ కొత్త ముక్క అతికించాలన్నా, పక్క రాత్రి ముక్క దీనికి సరిపోదు.

అమెరికాలో ‘స్మోక్ ఆన్ ద వాటర్’ 1973లో సింగిల్‌గా వచ్చినప్పుడు ఒక వైపు స్టూడియో రూపం, రెండో వైపు ఈ జపాన్ రూపం, రెండూ కత్తిరించి వేశారు. అక్కడి చార్టుల్లో ఆ పాట 4వ స్థానానికి, ఆల్బమ్ 6వ స్థానానికి చేరాయి.

ఏది కొనాలి, ఎలా వినాలి

మొదటిసారి వినేవాళ్లకు ఏడు పాటల అసలు ఆల్బమే సరైనది. 1998 సంచికలో రెండో డిస్కు మీద ఆ చివరి మూడు పాటలూ దొరుకుతాయి. 1993లో ‘లైవ్ ఇన్ జపాన్’ పేరుతో వచ్చిన మూడు సీడీల్లో మూడు కచేరీలలో ఎక్కువ భాగం ఉంది. 2014 పెద్ద సంచికలో మూడు రాత్రులూ చివరి పాటలతో సహా ఉన్నాయి, బేరం మాత్రం కాదు. పాత ఎల్పీ కొనేవాళ్లు నాలుగో వైపు చివరి మూడు నిమిషాలు వినకుండా డబ్బు ఇవ్వొద్దు. ఎల్పీ బయటి అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పోతుంది, లోపలి అంచు దగ్గర 21 మాత్రమే. అంత తక్కువ చోటులో పై స్వరాలు ఇరుక్కుంటాయి, అరిగిన సూదితో తిప్పిన రికార్డు ముందుగా చెడేది అక్కడే. ‘స్పేస్ ట్రకిన్’లో అతి పెద్ద గోల సరిగ్గా అక్కడే పడింది. అది శుభ్రంగా ఉంటే మిగతా మూడు వైపులూ బాగున్నట్టే.

పూర్తి కచేరీలు చేతిలో ఉంటే ఒక పని చేయండి. 15వ తేదీ ‘చైల్డ్ ఇన్ టైమ్’ తర్వాత 16వ తేదీది, ఆ తర్వాత టోక్యోది వరసగా వినండి. గిల్లన్ కేకలు మొదలయ్యే చోటు, ఆర్గన్ సోలో నుంచి గిటారుకు మళ్లే చోటు, పైస్ వేగం పెంచే చోటు, ఈ మూడింటి మీదే చెవి పెట్టండి. ఆ తర్వాత బర్చ్ టేపులు ముందేసుకుని ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే మీరు ఏది ఎంచుకునేవారో కాగితం మీద రాసి, ఎల్పీతో సరిచూసుకోండి. అట్ట మీది ఫొటో చూసి మాత్రం ఏ రాత్రో ఊహించొద్దు, అది లండన్‌లో తీసింది.